రెండు కొక్కేలు, ఒక చప్పుడు

ఈ సంగతి మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఒక ఇరవై రెండేళ్ళ పాత పికప్ బండి, మూసుకోని దాని వెనక డోరు, ఆ డోరు ఊడిపడకుండా కట్టడానికి పన్నెండు మూరల నైలాను తాడు, షెడ్డులో గోడకు చేర్చి నిలబెట్టిన ఇరవై ఏడు పాత తలుపులు. లేనిదల్లా బావమరిది. వాడు వెళ్ళిపోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

నాది పాత తలుపుల వ్యాపారం. ఎక్కడ ఇల్లు పడగొడుతున్నారని తెలిసినా అందరికంటే ముందు వెళ్ళి, తలుపులూ కిటికీలూ బేరమాడి, చెక్క చీలకుండా ఊడదీసి తెస్తాను. చిత్రిక పట్టి, కొత్త బందులు బిగించి, ఇల్లు కట్టుకునేవాళ్ళకు అమ్ముతాను. అమ్మిన తలుపు సరిగ్గా మూసుకోకపోతే నేనే వెళ్ళి సరిచేసి వస్తాను. ఈ ఊళ్ళో నాకున్న పేరంతా దానివల్ల వచ్చిందే. అలాంటివాడి బండికి మూసుకోని డోరు. సందు చివర టీ కొట్టాయన దీన్ని ఊరికే వదులుతాడా?

"ఏమండీ తలుపులాయనా, ఇవాళైనా డోరు మూతపడిందా, ఇంకా తాడు మీదే బతుకుతోందా?" అని రోజుకోసారి అడిగేవాడు.

నేను ముందుగా నవ్వేసేవాణ్ణి. మన మీద వేసిన జోకుకు మనమే ముందు నవ్వాలి, లేకపోతే మర్నాటికి అది రెండవుతుంది. నవ్వాక బండి వెనక్కి వెళ్ళి తాడు మూడు చుట్లు చుట్టి ముడి వేసుకునేవాణ్ణి.

ఆ డోరు సంగతి కొంచెం చెప్పాలి. బండి వెనక అడ్డంగా ఉండే ఇనప పలక అది. అడుగున రెండు బందుల మీద తిరుగుతుంది. సరుకు ఎక్కించేటప్పుడు కిందికి వాలుస్తాం, తరవాత పైకెత్తి మూస్తాం. బండి పక్క రేకులకు చెరో కొక్కెం, డోరు రెండు చివర్లా చెరో రింగు ఉంటాయి. కొక్కెం రింగులో పడితే మూసుకున్నట్టు. మా బండికి ఈ రెండూ ఒక్కసారే పడాలి. ఒకటి ముందు పడితే రెండోది అందదు. అందుకే ఇద్దరం కావాలి. కుడి పక్క నేను, ఎడమ పక్క వాడు. ఇద్దరం డోరు ఎత్తి పట్టుకునేవాళ్ళం. వాడు "ఊఁ" అనేవాడు. బండి నాదైనా, షెడ్డు నాదైనా, "ఊఁ" మాత్రం వాడిదే. వెంటనే రెండు కొక్కేలూ కలిసి ఒకే చప్పుడుగా పడేవి. ఆ చప్పుడు వినగానే నేను వెనక్కి చూడకుండా వెళ్ళి బండి ఎక్కేవాణ్ణి.

పంతొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. రోజుకు నాలుగు సార్లని వేసుకున్నా, సెలవులు తీసేసినా, ఇరవై మూడు వేల సార్ల పైమాటే. ఆ చప్పుడుకొక విలువ ఉంటుందని ఒక్కసారి కూడా లెక్క వేయలేదు.

వాడు మా ఆవిడకు తమ్ముడు. మా పెళ్ళయిన రెండో ఏడు, ఏ పనిలోనూ కుదురుకోలేదని మా ఇంటికి వచ్చాడు. నాలుగు రోజులు ఉండి వెళ్తాడనుకున్నాను. అయిదో రోజు పొద్దున నాకంటే ముందు లేచి బండి తుడుస్తున్నాడు. మనిషి సన్నం, మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లోనే నన్ను ఏడిపించేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళకు నేను తలుపు గొప్పలు చెబుతుంటే వెనక నిలబడి మెల్లగా దగ్గేవాడు. వాళ్ళు వెళ్ళాక, "బావా, ఆ తలుపు వయసు పొద్దున్నుంచి సాయంత్రానికి నలభై ఏళ్ళు పెరిగింది, చూసుకున్నావా?" అనేవాడు.

వాడు వెళ్ళిపోయింది నా నోటివల్ల.

ఆ రోజు ఒక పెద్ద ఇంటి సింహద్వారం తెస్తున్నాం. రెండు రెక్కలు, ఒక్కో రెక్కా నలుగురు మోసేంత బరువు. కొన్నాయన తన కారులో మా వెనకే వస్తున్నాడు. వంతెన దాటి ఎత్తు ఎక్కుతుండగా ఎడమ కొక్కెం జారి డోరు తెరుచుకుంది. ఒక రెక్క జారి రోడ్డు మీద పడి నిలువునా చీలిపోయింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కొన్నాయన దిగి వచ్చాడు. అప్పుడు నేను నా పేరు కాపాడుకోవాలి కదా. ఆయన ముందు వాణ్ణి చూపించి, "పంతొమ్మిదేళ్ళయినా ఒక్క కొక్కెం వెయ్యడం చేతకాదండీ వీడికి. మా ఆవిడ మొహం చూసి భరిస్తున్నాను" అన్నాను.

వాడు నావైపు చూడలేదు. చీలిన చెక్క ముక్కలన్నీ ఏరి బండిలో పెట్టాడు. మర్నాడు పొద్దున షెడ్డు తాళంచెవి వాళ్ళక్క చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వాడి చేతిజోళ్ళు మాత్రం షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉండిపోయాయి. కోపం తగ్గాక వాటికోసమైనా వస్తాడనుకున్నాను. వారం అనుకున్నాను, నెల అనుకున్నాను. నేనే వెళ్ళి పిలవచ్చు. కానీ తప్పు వాడి కొక్కేనిది అయినప్పుడు నేనెందుకు వెళ్ళాలని నా లెక్క.

వాడి తరవాత ఇద్దరు మనుషుల్ని పెట్టి చూశాను. మొదటివాడు బలశాలి. వాడు తోస్తే డోరు వంగేది గానీ కొక్కెం పడేది కాదు. రెండోవాడు నా కంటే పెద్దవాడు, నేను "ఊఁ" అంటే, "ఏమన్నారు?" అని అడిగేవాడు. ఇక ఇద్దర్నీ వద్దనుకుని తాడు పట్టుకున్నాను.

ఎడమ కొక్కెం మూడుసార్లు మార్పించాను. ఒకసారి పొడుగ్గా చేయించాను, ఒకసారి వంపు ఎక్కువ పెట్టించాను. రింగు అరగదీయించాను. సందులో రబ్బరు ముక్క పెట్టించాను. కుడి పక్క నా కొక్కెం ఎప్పటిలాగే వేలు తగిలితే చాలు, దానంతట అదే పడేది. అది చూసినప్పుడల్లా నా మాటే నిజమని అనిపించేది. అయినా చిత్రం, ప్రతిసారీ డోరు ఎత్తి పట్టుకుని, ఎడమ పక్క ఎవరూ లేరని తెలిసి కూడా, ఒక్క క్షణం ఆగేవాణ్ణి. "ఊఁ" వినిపిస్తుందేమోనని.

మా ఆవిడ వాడి ఊసు నా దగ్గర ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం, నేను తాడు కోసం ఇల్లంతా వెతుకుతుంటే, "తాడు బయట తీగమీద ఆరేశాను, తడిసిపోయింది. మనుషులకంటే దాన్నే బాగా చూసుకుంటున్నాం కదా" అంది. నేను విననట్టు తాడు చుట్టుకుని వెళ్ళిపోయాను.

ఒక మధ్యాహ్నం ఆ తాడు కూడా నన్ను వదిలేసింది. ముడి జారి, ఒక చిన్న కిటికీ బండిలోంచి రోడ్డు మీదికి దూకింది. వెనక సైకిలు మీద వస్తున్న ముసలాయన హ్యాండిలు తిప్పి కాలవ గట్టు మీదికి ఎక్కేశాడు. బండి ఆపాను. పరిగెత్తుకుని వెళ్ళాను. ఆయన తిట్టలేదు. చొక్కా దులుపుకుని, బండి వెనక ఉన్న నా షాపు బోర్డు చదివి, "తలుపులు అమ్ముతారా మీరు?" అని అడిగి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అటునుంచి అటే వెల్డింగు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి బండి తోలాను. ఆయన్ని అందరూ సగంమాట అంటారు. ఏ వాక్యమూ చివరిదాకా చెప్పడు, మిగతాది మనమే పూర్తి చేసుకోవాలి. పని మాత్రం సగంలో ఆపడు.

ఎడమ కొక్కెం మళ్ళీ మార్చమన్నాను. ఆయన ఎడమ పక్కకు వెళ్ళలేదు. తిన్నగా కుడి పక్కకు, అంటే నా పక్కకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. డోరు వాల్చి, ఎత్తి, మళ్ళీ వాల్చి చూశాడు.

"ఇటు పక్క గొలుసు..." అన్నాడు.

డోరు వాల్చినప్పుడు అది బరువుకు కిందికి వేలాడకుండా రెండు పక్కలా రెండు గొలుసులు పట్టి ఉంచుతాయి. ఎడమ పక్కది ఉంది. కుడి పక్కది లేదు. అది లేదని నాకు తెలియక కాదు. లేక ఎన్నాళ్ళయిందో మరిచిపోయాను.

అయిదేళ్ళు అయింది. ఒకాయన ఆకుపచ్చ రంగు చెక్క గేటు బేరమాడుతున్నాడు. ఆ గేటు ఏడాదిగా అమ్ముడుపోక షెడ్డుకు అడ్డంగా ఉంది. ఆయన కొందామా వద్దా అని ఊగిసలాడుతూ, తాళం వేసుకోవడానికి ఒక గొలుసు ఊరికే ఇస్తే తీసుకుంటానన్నాడు. షెడ్డులో గొలుసు లేదు. నేను ఆలోచించలేదు. బండి దగ్గరికి వెళ్ళి నా పక్క గొలుసు ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. గేటు వెళ్ళిపోయింది. ఆ బేరాన్ని నా తెలివికి గుర్తుగా చాలాచోట్ల చెప్పుకున్నాను. బావమరిది ఒక్కడే, "అది బండిది కదా బావా" అన్నాడు. రేపు ఇంకొకటి వేయిద్దామన్నాను. ఆ రేపు రాలేదు.

అప్పటినుంచీ ఒంటి గొలుసు మీద వేలాడే డోరు మీద మేం సరుకు ఎక్కించాం, దింపాం, మేమే ఎక్కి నడిచాం. బరువంతా గొలుసు లేని పక్క బందు మీద పడింది. బందు కొంచెం కొంచెంగా కుంగింది. డోరు మొత్తం కుడికి ఒరిగింది. అందుకే కుడి రింగు కొక్కేన్ని వెతుక్కుంటూ వచ్చినట్టు పడేది, ఎడమ రింగు రెండు వేళ్ళంత దూరం జరిగిపోయింది.

సగంమాట సుద్దముక్కతో కుంగిన బందు చుట్టూ గీత గీసి, "పట్టనిది అటు పక్క. తప్పు మాత్రం..." అని ఆగాడు.

మిగతాది నేను పూర్తి చేసుకోవాలి. పూర్తి చేయడం కష్టమేమీ కాదు. ఈ ముప్పై ఏళ్ళలో నా దగ్గర తలుపులు కొన్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మాట అదే. తలుపు గడియ దగ్గర పట్టకపోతే గడియను కొట్టకండి, ఎదురు పక్క బందు చూడండి అని. వేలమందికి చెప్పాను. నా బండి దగ్గరికి వచ్చేసరికి పద్నాలుగు నెలలు గడియనే కొట్టాను. ఎందుకంటే ఆ గడియ పక్కన నిలబడేది వాడు.

పెద్దాయన ఎడమ పక్కకు వెళ్ళి డోరు అంచు మీద బొటనవేలు పెట్టి రాశాడు. నన్ను రమ్మని సైగ చేశాడు. అక్కడ నాలుగు చోట్ల రంగు పోయి, ఇనుము నునుపుదేలి మెరుస్తోంది. నాలుగు వేళ్ళ గుర్తులు.

"ఎవరో ఇక్కడ పట్టుకుని, తనవైపు లాగి..." అన్నాడు. తరవాత నన్ను చూసి, ఎన్నడూ లేనిది, వాక్యం పూర్తి చేశాడు. "ఈ డోరును ఇంతకాలం మూసింది అతనే."

నేను ఆ గుర్తుల మీద నా వేళ్ళు పెట్టి చూశాను. సరిపోలేదు. వాడి వేళ్ళు సన్నం. అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ సింహద్వారం రోజున నేను తొందరలో ఉన్నాను. వాడు "ఊఁ" అనకముందే నా కొక్కెం వేసేశాను. వాడు, "ఆగు బావా, ఇది సరిగ్గా పడలేదు, తీసి మళ్ళీ వేద్దాం" అన్నాడు. పడింది చాల్లే ఎక్కు అన్నాను. ఈ మాటను పద్నాలుగు నెలలు ఎక్కడ దాచుకున్నానో నాకే తెలియదు. అవసరం లేని సరుకు షెడ్డులో వెనక్కి నెట్టేసినట్టు నెట్టేశాను.

పెద్దాయన రెండు దారులు చెప్పాడు. బందు సరిచేసి, గొలుసు వేసి, రెండు కొక్కేలూ ఉన్నవి ఉన్నట్టు ఉంచడం ఒకటి. కొక్కేలు తీసేసి డోరు నడిమధ్య ఒక పిడి పెట్టడం రెండోది, అప్పుడు ఒక్క మనిషి ఒక్క చేత్తో మూసుకోవచ్చు. రేపు చెబుతానని, డోరు అలాగే తాడుతో కట్టుకుని ఇంటికి వచ్చాను.

మా ఆవిడను తమ్ముడు ఎక్కడ పని చేస్తున్నాడని అడిగాను. ఆమె చేస్తున్న పని ఆపింది.

"అడ్రసు అడగడానికి పద్నాలుగు నెలలా?" అంది. తరవాత నిదానంగా చెప్పింది. వంతెన అవతల చెక్కపెట్టెలు చేసే షెడ్డట. "ఏమండీ, బేరమాడినట్టు మాట్లాడకండి వాడితో."

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. ఉత్త చేతులతో పలకరించడం నాకు రాదు. ఏదో ఒక పని చేతిలో ఉంటేనే నోరు పెగులుతుంది. అందుకే డోరు బాగుచేయించకుండానే తీసుకెళ్ళాను. వాడి చేతిజోళ్ళు పక్క సీట్లో పెట్టుకున్నాను.

షెడ్డు ముందు బోర్లించిన పెట్టె మీద కూర్చుని అన్నం తింటున్నాడు. కళ్ళజోడు వచ్చింది. చెవుల దగ్గర నెరిసింది. బండి చప్పుడుకు తలెత్తలేదు గానీ, ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆ ఇంజను చప్పుడు వాడికి తెలియనిదా?

"తిన్నావా బావా?" అన్నాడు.

తిన్నానన్నాను. తినలేదు. వాడు డబ్బా మూతలో సగం అన్నం తీసి నా ముందు పెట్టాడు. ఇద్దరం తిన్నాం. వాడు చెయ్యి కడుక్కుని బండి వెనక్కి వెళ్ళి తాడు చూశాడు.

"ముడి అక్కది కాదే. నువ్వే కట్టావా?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది. దీన్ని విప్పడం కంటే కొయ్యడం సులువు."

విప్పాడు. డోరు వాల్చి, ఎత్తాడు. నేను కుడి పక్కకు వెళ్ళాను. ఎవరి చోట్లో వాళ్ళం నిలబడ్డాం. వాడి నాలుగు వేళ్ళు ఆ నునుపు మీదికి చూడకుండానే వెళ్ళాయి. ఈసారి నేను గమనించాను. డోరు బరువంతా ఒక్క చేత్తో తనవైపు లాక్కుంటున్నాడు, మెడ నరం ఉబ్బింది. ఇరవై మూడు వేల సార్లలో నేను ఒక్కసారీ అటు చూడలేదు.

"ఊఁ" అన్నాడు.

రెండు కొక్కేలూ పడ్డాయి. ఒకే చప్పుడు.

కొక్కెం మీద చెయ్యి అలాగే ఉంచి, "గొలుసు నేనే ఇచ్చేశాను కదరా" అన్నాను.

"ఆకుపచ్చ గేటాయనకి."

"ఎందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు చెప్పాను బావా. మూడోసారి చెబితే నీకు కోపం వస్తుంది. చేత్తో లాగితే పనైపోతుంది. ఏది తక్కువ శ్రమ?"

"ఆ రోజు ఆగమన్నావు."

"అన్నాను."

"నేను ఆగలేదు."

వాడు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "డోరు పడిపోతే పడిపోయింది బావా. తలుపు చీలితే చీలింది. చేతకాదన్నావు చూడు, ఆయన ముందు. అది మోసుకుని నీ ఇంట్లో ఎలా ఉండను?"

"తప్పు నాది" అన్నాను. మా ఆవిడ చెప్పినట్టు, దానికి ముందూ వెనకా ఏమీ చేర్చలేదు. వాడు తలాడించాడు. చేతిజోళ్ళు ఇచ్చాను. వేసుకుని చూసుకుని, ఒక చిల్లులోంచి వేలు బయటికి పెట్టి ఆడించాడు.

వచ్చేయమని అడిగాను. అడగడానికే వచ్చానని ఇద్దరికీ తెలుసు. ఇక్కడ లోడింగంతా తన చేతిలో పెట్టారని, పదకొండు మంది తన మాట మీద నడుస్తారని చెప్పాడు. గొప్పకు చెప్పలేదు, అయినా ఆ మాట చెబుతున్నప్పుడు వాడి నడుము నిటారుగా అయింది. నా దగ్గర పంతొమ్మిదేళ్ళలో వాడు అలా నిలబడగా చూడలేదు. ఇక బేరం పొడిగించలేదు.

"డోరుకు నడిమధ్య పిడి పెట్టించు బావా" అన్నాడు. "ఒక్కడివే మూసుకోవచ్చు. వయసు మీద పడుతోంది, ఎంతకాలం లాగుతావు?"

మంచి సలహా. నా మంచి కోరే ఇచ్చాడు. నేను వాడు విప్పిన తాడు చుట్టి సీటు కింద పెట్టుకున్నాను.

"అక్కకు చెప్పు, ఆదివారం వస్తానని" అని లోపలికి వెళ్ళాడు.

అటునుంచి వెల్డింగు షెడ్డుకు వెళ్ళాను. బందు సరిచేయించాను, కుడి పక్క కొత్త గొలుసు వేయించాను. పిడి వద్దన్నాను. పెద్దాయన, "ఒక్కడే మనిషివి, రెండు కొక్కేలంటే..." అన్నాడు. ఆ వాక్యాన్ని నేనూ పూర్తి చేయలేదు. రంగు వేస్తానన్నాడు. వేయమన్నాను, ఎడమ అంచు మాత్రం వదిలేయమన్నాను.

ఆ ఆదివారం వాడు వచ్చాడు. వాళ్ళక్క వండినది తిన్నాడు, ఆమె ఏడ్చినదీ తిట్టినదీ విన్నాడు. వెళ్ళేముందు బయట బండి చూసి, పిడి లేకపోవడం చూసి, నన్ను చూశాడు. డోరు వాల్చి నిలబడ్డాడు. నేను నా పక్కకు వెళ్ళాను. ఇప్పుడు లాగాల్సిన అవసరం లేదు, చిటికెనవేలితో పడుతుంది. అయినా వాడి వేళ్ళు ఆ నాలుగు గుర్తుల మీదికే వెళ్ళాయి.

దీనివల్ల నాకు మిగిలిందేమిటని అడిగితే, దాచకుండా చెబుతాను. డోరు ఇప్పుడు ఊడిపడదు. తాడు బట్టలారేసుకోవడానికి మా ఆవిడకు ఇచ్చేశాను. టీ కొట్టాయనకు కొత్త జోకు వెతుక్కునే పని పడింది. బందు సరయింది కాబట్టి, మామూలు రోజుల్లో నేను ఒక్కణ్ణే ముందు కుడి కొక్కెం వేసి, ఏడడుగులు నడిచి ఎడమది వేస్తాను. రెండు చప్పుళ్ళు, వాటి మధ్య ఏడడుగులు. ఆ రోజు నుంచి తొమ్మిది ఆదివారాలు గడిచాయి. వాటిలో ఆరు ఆదివారాలు వాడు వచ్చాడు, మూడు ఆదివారాలు రాలేదు. వచ్చినప్పుడల్లా డోరు ఒకే చప్పుడుతో మూశాం. ఆ ఆరూ నావే.